చేపకు జబా అక్కరలేదు

“మీ ఇంట్ల రోజూ బిర్యానేనా?” బడిలో దోస్తులు అడిగేవాళ్లు. నౌకరీ వచ్చి కరీంనగర్‌లో అద్దె ఇంటికోసం తిరిగితే అదే ప్రశ్న ఇంకో తీరుగా ఎదురైంది. “మీరు ఏమేం వండుతరు?” జవాబు చెప్పేలోగా తలుపు మూసుకునేది. రెండు ప్రశ్నలకూ నా దగ్గరున్న జవాబు ఒక్కటే: మా నానీమా చేపల పులుసు.

బిర్యానీ మాకు పెళ్లిళ్లలో దొరికే తిండి. ఇంట్లో జొన్నరొట్టె, ఖట్టీ దాల్, పుంటికూర. ఎప్పుడన్నా గోష్ తెస్తే, ఆ కొద్ది ముక్కలు పదిమందికి అందాలని పప్పూ సొరకాయా వేసి దాల్చా చేసేవాళ్లు. నవాబుల వంటల మీద పుస్తకాలు వచ్చాయి. దూదేకినవాళ్ల, బీడీలు చుట్టిన ఆడవాళ్ల పొయ్యి గురించి ఎవరు రాశారు?

మా దిక్కు గోదావరి ఉంది, మానేరు ఉంది, ఆదిలాబాద్ వైపు కడెం ఉంది. చేపలు పట్టేది గంగపుత్రులు, ముదిరాజులు. మేకను కోయాలంటే జబా కావాలి. అందుకు మా ఊళ్లలో హిందువులు కూడా దర్గా కాడ కందూరు చేస్తే ముల్లాసాబ్‌నే పిలుస్తారు. చేపకు ఆ అక్కర లేదు. నీటి వేటను ఖురాన్ (5:96) హలాల్ చేసింది. ఎవరు పట్టినా, ఎవరు కోసినా మాకు చెల్లుతుంది.

అందుకే గంపతో వచ్చే గంగపుత్రుల అక్కకూ నానీమాకూ దోస్తీ కుదిరింది. కొర్రమట్టను బూడిదతో రుద్ది జిగురు తీయడం, నిప్పుల మీద కాల్చిన ఉల్లిగడ్డ నూరి చింతపులుసులో వేయడం ఆ అక్క నేర్పింది. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరడం మా సాలన్ పద్ధతి. నానీమా ఒకనాడు రెండూ కలిపి చూసింది. పులుసు ముద్దలా గట్టిపడింది. నానా ముట్టలేదు. మరోసారి పల్లీలు మానేసి, నువ్వులు తగ్గించి, మెంతిపొడి వేసింది. గరిటె పెట్టకుండా గిన్నెను అటూ ఇటూ కదిపింది. ముక్క విరగలేదు. ఒక గిన్నెడు అక్క ఇంటికి పోయింది. కొన్నాళ్లకు అక్క పులుసులోనూ నువ్వులు పడ్డాయి. ఇప్పుడు చెప్పండి, ఏది ముస్లిం పులుసు, ఏది హిందూ పులుసు?

ఆ చింతచెట్టు ముందు ఆఫ్రికాది. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో దిగింది. ఇవాళ తెలంగాణలో ప్రతి దావతులో వడ్డించే బగారన్నం పేరు, పోపు అని అర్థమున్న ఉర్దూ మాట ‘బఘార్’ నుంచి వచ్చింది. మిరపకాయను ‘నీదే ఊరు’ అని ఎవరూ అడగరు. మమ్మల్ని అడుగుతారు. ఖిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వెలసిన ఊరు కరీంనగర్. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి ఇక్కడికే మారింది. ఊరి పేరులో మేమున్నాం. ఆ ఊళ్లోనే మాకు అద్దె ఇల్లు దొరకదు.

2016లో కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అయింది. నానీమా లేదు, ఆ అక్కా లేదు. పులుసు మాత్రం మా ఇంట్లో ఇంకా అట్లనే కాగుతోంది. ఆనాడు తలుపు మూసినాయన ఎదురైతే వాదన పెట్టుకోను. ఒక గిన్నె ముందు పెడతాను. తిని ఆయనే చెప్పాలి, ఇందులో మావి ఏవో, మీవి ఏవో.