అందరికీ తెరచిన అక్షరం: చేతిఫోను నిర్వహణ వ్యవస్థల కథ

డోర్నకల్ జంక్షనును చూచినవారికి ఒక విషయం సులభంగా బోధపడుతుంది. కాజీపేట - విజయవాడ ప్రధాన మార్గం నుండి ఇక్కడ ఒక శాఖ చీలి, సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం మీదుగా భద్రాచలం రోడ్డు స్టేషను వరకు పోతుంది. నిజాం ప్రభుత్వపు పూచీతో ఏర్పడిన రైల్వే కంపెనీ 1889 నాటికి ప్రధాన మార్గాన్ని బెజవాడ చేర్చినది. రెండు మార్గాలలోను పట్టాల నడిమి దూరం 5 అడుగుల 6 అంగుళాలే. కనుక గనివద్ద నింపిన బొగ్గుపెట్టెను డోర్నకల్‌లో ఖాళీ చేయకుండనే దూరదేశాలకు పంపవచ్చును. హైదరాబాదు నుండి మన్మాడు పోయిన పూర్వపు మీటరు గేజి మార్గం సంగతి అట్లు కాదు. గేజి మారినచోట సరుకంతా దింపి, మరల ఎక్కించవలసి వచ్చేది. కొలత అందరికీ తెలిసినదై, అందరూ పాటించునదైనప్పుడే ఎవరి పెట్టె అయినా ఎవరి పట్టాలమీదనైనా నడుస్తుంది.

మన చేతిఫోనులోను ఇటువంటి పట్టాలు కలవు. వాటినే నిర్వహణ వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టం అంటారు. తెరపై వ్రేలి తాకిడిని గ్రహించుట, జ్ఞాపకశాలలో చోటు పంచుట, అక్షరాలను తెరమీద చిత్రించుట, రేడియో తరంగాలతో మాట పంపుట దాని పనులు. మనం ‘యాప్’ అని పిలిచే ప్రోగ్రాములు ఈ పట్టాలమీద నడిచే పెట్టెలు. ఈ పట్టాలు చెడినప్పుడు బాగుచేయు అధికారం ఎవరికి ఉండవలెను? ఈ ప్రశ్న చుట్టూనే ఈ చరిత్ర అంతా తిరుగుతున్నది.

ఒక తెలుగు అక్షరం నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక రూపంలో సందేశంగా వచ్చినచో, ఐఫోనులోని యాప్ కుప్పకూలేది. కొన్ని సమయాలలో ఫోనే మరల మరల మొదలవుతూ పనికిరాకుండ పోయేది. కొందరు ఆకతాయిలు దీనిని ఆయుధంగా వాడి, ఇతరుల ఫోనులకు ఆ అక్షరాన్ని పంపినారు. జ్ఞానానికి మొదటి అక్షరమే ఫోనుకు గండమైనది!

కారణం తెలుసుకొనుటకు తెలుగు అక్షరం కంప్యూటరులో నిలువ ఉండే తీరు తెలియవలెను. మనకు ‘జ్ఞా’ ఒక్క అక్షరం. యంత్రానికి అది జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు గుర్తుల వరుస. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో ఈ గుర్తులకు సంఖ్యలు నిర్ణయమైనవి. వరుసను చూచి, ఏ గుర్తు ఏ గుర్తుతో కలిసి ఏ ఆకారం దాల్చవలెనో లెక్కించే పని నిర్వహణ వ్యవస్థలోని ఒక భాగానిది. దీర్ఘానికి ముందు కంటికి కనిపించని మరొక గుర్తు చేరినప్పుడు, ఐఫోనులోని ఆ భాగం తడబడి కూలిపోయినది.

ఆపిల్ కంపెనీ ఆ ఫిబ్రవరి 19న 11.2.6 అనే సవరణ విడుదల చేసి దోషాన్ని సరిచేసినది. అంతవరకు కోట్లమంది తెలుగువారిలో ఒక్కరికైనను ఆ భాగాన్ని విప్పి చూచు వీలు లేదు. ఆవకాయ రుచి చూచినంత మాత్రాన పాళ్ళు తెలియనట్లే, ఫోను వాడినంత మాత్రాన దాని లోపలి ప్రోగ్రాము తెలియదు. ప్రోగ్రాము మూలప్రతిని సోర్స్ కోడ్ అంటారు. దానిని కంపెనీ తనవద్దనే ఉంచుకొన్నచో, మన అక్షరాన్ని దిద్దుటకు కూడ మనం ఎదురు చూడవలసినదే.

మూలప్రతిని తెరచినవారు

ఈ పద్ధతిని 1983లోనే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రశ్నించి, గ్నూ అనే ఉద్యమాన్ని ప్రారంభించినాడు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకొనుట, మూలప్రతిని పరిశీలించి మార్చుకొనుట, ప్రతులు పంచుట, మార్చిన ప్రతులను కూడ పంచుట - ఈ నాలుగు స్వేచ్ఛలు వినియోగదారునికి ఉండవలెనని అతని వాదం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే మూలాంగాన్ని రచించి లోకానికి ఇచ్చినాడు. ఈ రెండింటి కలయికతో పూర్తి స్వేచ్ఛా వ్యవస్థ సిద్ధమైనది.

తెలుగువారు ఈ అవకాశాన్ని విడువలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు లినక్స్ పంపిణీలలో చేరినవి. 2005లో హైదరాబాదులో ఆరంభమైన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో పలికే లినక్స్ వ్యవస్థను తయారుచేసి, కళాశాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చినది. అనుమతి అడుగవలసిన పని లేనందువల్లనే ఇవన్నీ సాధ్యమైనవి.

తెలుగు అక్షరాలను కూర్చే భాగం కూడ స్వేచ్ఛా ప్రపంచంలో ఒకటి కలదు. దాని పేరు హార్ఫ్‌బజ్. పారసీకంలో ‘హర్ఫ్’ అనగా అక్షరం, ‘బాజ్’ అనగా తెరచినది. లినక్స్ లోను, ఆండ్రాయిడ్ లోను తెలుగును తీర్చేది ఇదే. దీనిలో దోషాలే ఉండవని కాదు. ఉన్నప్పుడు తెలిసినవాడు ఎవడైనను చూచి, దిద్ది పంపవచ్చును.

తెరచిన తలుపు, మూసిన గది

2008లో గూగుల్ కంపెనీ ఆండ్రాయిడ్ మూలప్రతిని బహిరంగపరచినది. దాని అడుగున ఉన్నది లినక్సే. 2012లో వచ్చిన 4.1 రూపంతో తెలుగు లిపికి కూడ అందులో చోటు దొరికినది. అయితే దుకాణంలో కొన్న ఫోనులో బహిరంగ ఆండ్రాయిడ్ ఒక్కటే ఉండదు. ప్లే స్టోరు, పటాలు, సందేశాలు వచ్చినట్లు తెలిపే సేవ మొదలైనవి గూగుల్ సొంత ప్రోగ్రాములు. వాటి మూలప్రతి బయటికి రాదు. అనేక యాప్‌లు వాటిపై ఆధారపడుటచే, తలుపు తెరచి ఉన్నను లోపలి గది మూసియే ఉన్నది. ప్లే స్టోరు కావలెనన్నచో తన ఇతర యాప్‌లను కూడ ముందే అమర్చవలెనని ఫోను తయారీదారులను కట్టడి చేయుట అన్యాయమని భారత పోటీ కమిషను 2022 అక్టోబరు 20న తీర్పు చెప్పి, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు ఆ జరిమానాను సమర్థించినది.

ఆ గది అవసరం లేకుండనే ఇల్లు కట్టుకొన్నవారు కలరు. 2009లో మొదలైన సయనోజెన్‌మాడ్ అనే ప్రయత్నం 2016 డిసెంబరులో ఆగిపోగా, స్వచ్ఛంద కార్యకర్తలు అదే మూలప్రతిని తీసుకొని లీనియేజ్ అనే పేరుతో కొనసాగించినారు. సంస్థ పోయినను పని నిలిచినది. 2010లో ఏర్పడిన ఎఫ్-డ్రాయిడ్ స్వేచ్ఛా యాప్‌ల భాండాగారం. పటాలకు 2004 నుండి ప్రజలే గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కలదు. కేరళలోని స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందంవారి ఇండిక్ కీబోర్డుతో తెలుగు టైపు చేయవచ్చును. 2023 జనవరిలో మద్రాసు ఐ.ఐ.టి. ఆశ్రయంలో ‘భారోస్’ అనే వ్యవస్థను కూడ ప్రదర్శించినారు.

కష్టనష్టాలు

ఈ మార్గం నల్లేరుపై బండి నడక కాదు. కొత్త వ్యవస్థ ఎక్కించవలెనన్నచో ముందు ఫోను తాళం విప్పవలెను. అప్పుడు లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది. కొందరు తయారీదారులు తాళం విప్పుటకే ఒప్పుకొనరు. పొరపాటు జరిగినచో ఫోను పనికిరాకపోవచ్చును. ఫోను తయారీదారుని వ్యవస్థతోనే ఉన్నదా అని పరీక్షించే కొన్ని బ్యాంకు యాప్‌లు, చెల్లింపు యాప్‌లు పనిచేయవు. గూగుల్ సేవలపై ఆధారపడిన యాప్‌లలో సందేశాల గంట ఆలస్యంగా మ్రోగవచ్చును, అసలే మ్రోగకపోవచ్చును. రేడియో భాగాన్ని నడిపే ప్రోగ్రాము చాల ఫోనులలో ఇప్పటికిని రహస్యమే. కనుక జీతం, పింఛను, చదువు ఆధారపడిన ఒకే ఒక ఫోనుపై ఈ ప్రయోగం చేయరాదు.

పాఠశాలకు మాత్రం ఇది తగిన ప్రయోగం. తయారీదారు సవరణలు ఇచ్చుట మానివేసిన పాత ఫోనులు నేడు ప్రతి ఊరిలోను మూలపడి ఉన్నవి. అట్టిదానిని ఒకదానిని తెచ్చి, లీనియేజ్ జాబితాలో దాని నమూనా ఉన్నదో లేదో మొదట చూడవలెను. ఉన్నచో ఉపాధ్యాయుని పర్యవేక్షణలో కొత్త వ్యవస్థను ఎక్కించవచ్చును. గూగుల్ ఖాతా లేకుండనే దానిలో పటం, నిఘంటువు, తెలుగు కీబోర్డు అమర్చి, ఏది పనిచేసినదో, ఏది చేయలేదో విద్యార్థులు పట్టిక వ్రాయవలెను. తెలుగు మాట తప్పుగా కనిపించినచో ఆ యాప్‌ను రచించినవారికి తెలుపవచ్చును. తప్పు అనువాదంలోనిదైనచో తామే సరియైన మాటను పంపవచ్చును. అది అంగీకరింపబడిననాడు, ఆ పల్లె విద్యార్థి దిద్దిన మాట ఆ యాప్‌ను తెలుగులో వాడేవారందరి తెరలపైకి చేరుతుంది.