కొరడా ఎవరిది?

కొరడా అనగానే మా వైపు చూస్తారు. సౌదీలో ఎవరికో కొరడా దెబ్బలు వేశారని పేపర్లో పడితే చాలు, మర్నాడు ఆఫీసులో, కాలేజీలో, సిటీ బస్సులో సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మేమే. "మీ దాంట్లో అంతేనట కదా?" అంటారు. మొఘల్‌పురా గల్లీల్లో పుట్టి పెరిగిన మాకు సౌదీ ఎంత దూరమో, అడిగేవాళ్ళకీ అంతే దూరం. కానీ ఆ ప్రశ్న వాళ్ళు మాకు వేస్తారు, మేం వాళ్ళకి వెయ్యం.

ఇంకో రకం మాట కూడా ఉంది. దొంగని పట్టుకున్నప్పుడల్లా వింటాం. "జైల్లో పెట్టి మేపడమెందుకు? మీ షరియత్తే నయం. నాలుగు తగిలిస్తే దారికొస్తాడు." ఇది మెచ్చుకోలో ఎత్తిపొడుపో మాకిప్పటికీ తెలీదు. ఈ మాటని పుస్తకంగా రాసినవాడు మాత్రం ముస్లిం కాదు. బాల్టిమోర్‌లో పోలీసుగా పనిచేసి ప్రొఫెసరైన పీటర్ మోస్కోస్ అనే అమెరికన్. కొరడా దెబ్బల్ని సమర్థిస్తూ 2011లో పుస్తకం వేశాడు. అయిదేళ్ళ జైలా, పది దెబ్బలా ఏదో ఒకటి కోరుకోమంటే మీరేం కోరుకుంటారని పాఠకుణ్ణే అడిగాడు. దెబ్బలే కోరుకుంటారని అతనికి తెలుసు. జైలు ఎంత ఘోరమో అలా ఒప్పించాలని అతని ఎత్తు. తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదది. కానీ జవాబు చెప్పేముందు ఈ దేశంలో కొరడాని చట్టంలో రాసిందెవరో చూడాలి.

ఖురాన్ కొరడా దెబ్బలు నిర్ణయించిన నేరాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వ్యభిచారానికి నూరు. కానీ నలుగురు సాక్షులు కావాలి. నలుగుర్ని తేలేక ఒక స్త్రీ మీద నింద వేసినవాడికి ఎనభై. మిగతా నేరాల్లో చాలావాటికి శిక్ష ఖాజీ విచక్షణకి వదిలారు. దాన్ని తాజీర్ అంటారు. దిద్దడం అనే అర్థం అందులో ఉంది. తెలుగులో 'శిక్ష' అంటే నేర్పడం కూడా కదా, అలాగే. (ఇండియన్ పీనల్ కోడ్‌ని ఉర్దూలో తాజీరాతె హింద్ అన్నారు. ఖైదు, జామీను, జరిమానా, ఫిర్యాదు, వకీలు - తెలుగువాడు కోర్టు మెట్లెక్కితే నోట్లోంచి వచ్చేవి మా మాటలే. దీనికెవరూ మమ్మల్ని సంజాయిషీ అడగరు.)

కంపెనీవాళ్ళు బెంగాల్లో అధికారానికొచ్చినప్పుడు నడుస్తున్నది ఈ ఇస్లామిక్ క్రిమినల్ చట్టమే. కారన్‌వాలిస్ 1790ల్లో దాన్ని సవరించాడు. రెండు అవయవాలు తీసే శిక్ష బదులు పద్నాలుగేళ్ళ కఠిన ఖైదు, ఒక అవయవానికి ఏడేళ్ళు. శరీరానికి బదులు జైలు అనేది అలా దయగా వచ్చింది. బెంటింక్ 1834లో కొరడా శిక్షని కూడా తీసేశాడు. మెకాలే కమిషన్ 1837లో తయారుచేసిన పీనల్ కోడ్ ముసాయిదాలో కొరడా లేదు. 1860లో చట్టమై 1862లో అమల్లోకొచ్చిన కోడ్‌లోనూ లేదు. దాంతో ఇస్లామిక్ క్రిమినల్ చట్టం బ్రిటిష్ ఇండియాలో పూర్తిగా ముగిసింది.

సరిగ్గా రెండేళ్ళకి, 1864లో, కొరడా తిరిగొచ్చింది. ఆ ఏడాది ఆరో నంబరు చట్టం, విప్పింగ్ యాక్ట్. 1857 తర్వాతి రోజులవి. జైళ్ళు నిండిపోయాయి, ఖర్చు పెరిగింది. దొంగతనం లాంటి నేరానికి ఇతర శిక్షకి బదులు దెబ్బలు, మళ్ళీ చేస్తే శిక్షతోపాటు దెబ్బలు. తొమ్మిది తోకల కొరడాతో అయితే నూటయాభైకి మించకూడదు, బెత్తంతో అయితే ముప్ఫయికి మించకూడదు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బెత్తం మందం కూడా రాసింది: అరంగుళానికి తగ్గకూడదు. పదహారేళ్ళ లోపు పిల్లలకి పదిహేను దెబ్బలు. ఇవన్నీ నాగరికులు ఇంగ్లీషులో రాసుకున్న లెక్కలు. 1909లో మళ్ళీ కొత్త చట్టం చేశారు. 1919లో పంజాబ్ మార్షల్ లా రోజుల్లో జనాన్ని బహిరంగంగా కట్టేసి కొట్టారు.

మా చట్టం పోయాక వచ్చిన కొరడా అది. కానీ పేరు మాత్రం మాకే ఉండిపోయింది.

శరీరం మీద శిక్ష అందరి శరీరాల మీదా ఒకేలా పడలేదు. కోస్తా తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. అక్కడ 1816లో పదకొండో రెగ్యులేషన్ గ్రామ పెద్దకి ఒక అధికారమిచ్చింది. తిట్టుకుని కొట్టుకున్నవాళ్ళని చావడిలో పన్నెండు గంటలదాకా ఉంచవచ్చు. అదే 'కింది కులాల' వాళ్ళయితే కాళ్ళు బొండకొయ్యలో బిగించి ఆరు గంటలు కూచోబెట్టవచ్చు. పై కులాల వాళ్ళకి ఆ అవమానం తగదని చట్టమే చెప్పింది. 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ నివేదిక వచ్చింది. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం వేళ్ళు కిట్టిలో నొక్కడం, మనిషిని వంచి తాళ్ళతో కట్టి ఎండలో నిలబెట్టడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. దళిత మిత్రులకి ఈ చరిత్ర మేం చెప్పక్కర్లేదు.

మా హైదరాబాదు నిజాం రాజ్యం. సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యాక కోర్టులు, పోలీసు, జైళ్ళు ఒక పద్ధతిలోకొచ్చాయి. చంచల్‌గూడ జైలు 1876లో కట్టారు. మొఘల్‌పురా నుంచి ఆటోలో ఎంతో దూరం లేదు. మా అమ్మలకి జైలన్నా చంచల్‌గూడ అన్నా ఒకటే మాట. ములాఖాత్‌కి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళే దారి కోట్ల అలీజా వైపు ప్రతి గల్లీకీ తెలుసు.

స్వతంత్ర భారతం 1955లో కొరడా శిక్షని రద్దుచేసింది. బ్రిటన్ తన దేశంలో 1948లోనే మానుకుంది. సింగపూర్‌కి వాళ్ళు వదిలిపెట్టిన బెత్తం ఇప్పటికీ ఆడుతోంది. 1994లో ఒక అమెరికన్ కుర్రాడికి నాలుగు పడేసరికి ప్రపంచమంతా గోలపెట్టింది. పాకిస్తాన్‌లో జియా 1979లో ఇస్లాం పేరుతో కొరడాకి బలమిస్తే, 1996లో హుదూద్ నేరాలకి తప్ప మిగతావాటికి తీసేశారు. సౌదీ సుప్రీంకోర్టే 2020లో తాజీర్ కింద వేసే కొరడా దెబ్బల్ని ఆపమంది. జియా చేసింది మేం సమర్థించం. ఇస్లాం పేరు పెట్టినంత మాత్రాన దెబ్బ తీపెక్కదు.

ఇక్కడ చట్టంలోంచి పోయిన బెత్తం ఎక్కడికి పోయింది? ఠాణాకి. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్ ఉదంతంలో దెబ్బలు తిని ఒక రిక్షా కార్మికుడు చనిపోయాడు, అతని భార్య మీద అత్యాచారం జరిగింది. ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. కేసు రాయచూరుకి మారింది, 1981లో అందరూ విడుదలయ్యారు.

పాతబస్తీలో పిల్లాడు ఏదో చిన్న గొడవలో ఠాణాకి వెళ్తే తల్లి చేసే మొదటి పని దండం పెట్టడం. "కేసొద్దు సాబ్, రెండు తగిలించి వదిలెయ్యండి." మోస్కోస్ అడిగిన ప్రశ్నకి మా ఇళ్ళలో జవాబు ఏనాడో దొరికింది. కేసు పడితే పాస్‌పోర్టు రాదు, గల్ఫ్ పోతుంది, వాయిదాలకి రోజు కూలి పోతుంది. 2022 చివర్లో దేశం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది శిక్ష పడనివాళ్ళు, విచారణ ఖైదీలు. ఆ తల్లికి ఈ అంకెలు తెలీవు, సంగతి తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో రోడ్డెక్కినవాళ్ళని లాఠీలతో కొడుతుంటే టీవీలో చూసి చప్పట్లు కొట్టిన చదువుకున్నవాళ్ళు కూడా ఇదే బేరాన్ని ఒప్పుకున్నారు. కాకపోతే దెబ్బలు వాళ్ళవి కావు.

మోస్కోస్ లెక్కలో ముందు కోర్టు తీర్పుంటుంది, ఆ తర్వాత ఎంపిక. మాకు తీర్పు లేకుండానే రెండూ వచ్చాయి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీ యువకుల్ని పదుల సంఖ్యలో పట్టుకెళ్ళారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ చిత్రహింసలు జరిగాయని నివేదికలో రాశారు. కేసులు పెట్టినవాళ్ళని కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం ఇరవై మందికి మూడేసి లక్షలు, మరో యాభై మందికి ఇరవై వేలు చొప్పున పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. మసీదులో బాంబు పెట్టారని తర్వాత పట్టుకున్న అసీమానంద్, మరో నలుగురు కూడా 2018 ఏప్రిల్ 16న విడుదలయ్యారు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త న్యాయ సంహితలో అయిదు వేల లోపు దొంగతనానికి, మొదటిసారయితే, సొమ్ము తిరిగిచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ అని ఉంది. 1864లో ఇదే నేరానికి ముప్ఫయి బెత్తం దెబ్బలు. ఆ సేవ వరకూ వెళ్ళాలంటే కేసు కోర్టుకి రావాలి, తీర్పు రావాలి. ఈలోగా ఆ తల్లి ఠాణా అరుగు మీదే కూచుని ఉంటుంది.