వేలిముద్ర ముందు, చట్టం తరువాత

విడపనకల్లు వంటి మెట్ట మండలంలో చౌకధరల దుకాణానికి వెళ్లిన కూలీ బియ్యం కోసం సాధారణంగా ముందు యంత్రంపై వేలు పెట్టాలి. యంత్రం కొత్తదే గాని, ప్రభుత్వం వేలిముద్ర అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ ముద్రను ఎవరి నుంచి, ఏ అధికారంతో, దేనికోసం తీసుకున్నారన్న ప్రశ్నను చదువుతున్నంతసేపూ మనసులో ఉంచుకోండి.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది. అందుకు శ్రమించిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లను తలచుకునేవారు తక్కువ. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. అనంతపురం అప్పుడు అందులో భాగమే. ఎరుకల వంటి సముదాయాలపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి, నమోదైనవారి వేలిముద్రలను ఎప్పుడైనా తీసుకునే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. నేరం రుజువు కానక్కరలేదు. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన జరిగిన విచారణ తరువాత, 1952లో అది రద్దయింది.

అర్ధశతాబ్దం గడిచాక అదే ముద్ర సంక్షేమం పేరుతో తిరిగి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. తరువాత అనంతపురంతో సహా కొన్ని జిల్లాల్లో వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డుల ద్వారా కూలి చెల్లించారు. చెల్లింపు త్వరపడిందనీ, మధ్యలో కాజేయడం తగ్గిందనీ ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. కాబట్టి యంత్రాన్ని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మొదటి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరులో ఇచ్చారు. ఆధార్ చట్టం వచ్చింది 2016లో. ఈలోగా కోట్లమంది ముద్రలను పార్లమెంటు చట్టం లేకుండానే సేకరించారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి 2012లో దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. 2018లో ధర్మాసనం 4:1 మెజారిటీతో ఆధార్‌ను చాలావరకు నిలబెట్టింది.

ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్రను, కనుపాప చిత్రాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. గట్టి తాళమే, కాని దొడ్డి తలుపు తెరిచే ఉంది: 2017లో ఒక పరిశోధన సంస్థ పరిశీలించిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు బాహాటంగా కనిపించాయి. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి చెల్లింపులది.

మట్టి పనిలో వేళ్ల గీతలు అరిగిపోతాయి. ముద్ర కలవలేదన్న కారణంతో అర్హులకు రేషను ఆపరాదని 2017 అక్టోబరులోనే ఆధార్ ప్రాధికార సంస్థ సూచించింది. మీ ఊరి దుకాణంలో అలాంటివారికి ఏ ఏర్పాటు ఉందో అడిగి, రాసుకోండి.