ఒక కారు – నాలుగు ఇంజనులు

రాజధానిలో కొలువు చేసిన మనవారిలో అంబాసిడరు కారు నెరుగనివారుండరు. 1992లో ఆ కారునకు జపానుదేశపు ఇసుజు ఇంజను నమర్చినప్పుడు పైరూపము మారలేదు గాని నడక మారినది. పాత ఇంజనును దించి వేరొకదాని నెక్కించుట కేవలము మేస్త్రీ పని యని తలచుట పొరపాటు. అందు లెక్క యున్నది, లౌక్యమున్నది. ఒక్కొక్కప్పుడు ఒక సంస్థ బ్రతుకే దానిపై నాధారపడి యుండును. ఇంగ్లండునందలి ఏ.సి. సంస్థవారి ‘ఏస్’ అను స్పోర్ట్సు కారు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

లండను సమీపమున థేమ్స్ డిట్టన్ అను గ్రామములో నుండిన ఈ సంస్థ మిక్కిలి చిన్నది. 1930 నుండి హర్లాక్ కుటుంబమువారు దీనిని నడపుచుండిరి. అంగవైకల్యము గలవారికై ప్రభుత్వము పంపిణీ చేసిన మూడు చక్రముల బండ్లను సైతము వీరు తయారు చేసిరి. 1953లో వీరు ‘ఏస్’ కారును లోకమునకు చూపిరి. జాన్ టోజెరో అను శిల్పి రూపొందించిన చట్రము దానికి వెన్నెముక: రెండు లావైన ఉక్కు గొట్టములు, అడ్డముగా బిగించిన పట్టీ స్ప్రింగులు, ఒకదానితో నొకటి సంబంధము లేక కదలాడు నాలుగు చక్రములు. పైన అల్యూమినియపు రేకు. బండి తేలిక, వంపు చక్కన, నడక నిబ్బరము. లోపమెల్ల ఇంజనులోనే యున్నది.

ఆ ఇంజను జాన్ వెల్లర్ 1919లో నిర్మించినది. ఆరు సిలిండర్లు, 1991 ఘన సెంటీమీటర్లు. పుట్టిననాడు అది గొప్ప వింత. దాని శరీరమే అల్యూమినియము. తొలుత నలుబది అశ్వశక్తులకు చేరువలో నుండిన దాని బలమును క్రమక్రమముగా నూరు దాటించిరి. ఐనను ముప్పది నాలుగేండ్లు గడచిన ముసలిదాని వద్ద ఇంకెంత పని రాబట్టగలరు?

ఇచ్చట కార్బురేటరును గూర్చి ఒక్క మాట చెప్పవలెను. గాలి ఇరుకైన గొంతుకలో వడిగా పోవునప్పుడు దాని ఒత్తిడి తగ్గును; ఆ తగ్గుదలయే పెట్రోలును సన్నని రంధ్రమునుండి పైకి లాగి గాలిలో కలుపును. ఆ కాలపు ఇంజనును మరియొక బండిలోనికి మార్చుటకు పెట్రోలు గొట్టము, కాలిమెట్టు కడ్డీ, కొలది తీగెలు కలిపిన చాలును. ఇప్పటి ఇంజనులవలె గణకయంత్రమును, దాని తీగెల వలను వెంట దెచ్చుకొనవలసిన పనిలేదు. అయితే అది ఇముడునా, దాని బరువును బండి మోయునా, దాని బలమునకు గేరుబాక్సు, బ్రేకులు నిలుచునా అను ప్రశ్నలు మాత్రము తప్పవు.

1956 నుండి ‘ఏస్’ కారులో బ్రిస్టల్ ఇంజను లభింపజొచ్చెను. ఇది యుద్ధమునకు పూర్వము జర్మనీలో వెలసిన బి.ఎం.డబ్ల్యు. 328 ఇంజనునకు ఇంగ్లీషు సంతానము. 1971 ఘన సెంటీమీటర్లే యైనను, తలపై మూడు సోలెక్స్ కార్బురేటర్లను మోయుచు 125 అశ్వశక్తుల వరకు నిచ్చెడిది. 1959 లెమాన్ పందెములో ఏస్–బ్రిస్టల్ ఏడవ స్థానమున నిలిచి తన తరగతిలో ప్రథమముగా వచ్చెను. కాని బ్రిస్టల్‌వారు 1961లో తమ కార్లకే అమెరికా ఇంజనును స్వీకరించి, పాతదానికి స్వస్తి చెప్పిరి. పరుల బావిని నమ్ముకొన్న పొలమువలె నయ్యెను ఏ.సి. స్థితి.

అప్పుడు కెన్ రడ్ అను పందెగాడు ఒక ఉపాయము చెప్పెను. ఫోర్డువారి జెఫిర్ కుటుంబపు కారులోని 2.6 లీటర్ల ఇంజను చౌక, అంగడిలో సులభముగా దొరకును. దానిని సవరించినచో 170 అశ్వశక్తుల దాక రాబట్టవచ్చును. అది పొట్టిది గావున కారు ముక్కును కూడ క్రిందికి దించిరి. ఆలోచన మంచిదే యైనను, అట్టి కార్లు నలుబది కూడ తయారు కాలేదు.

అదే 1959 లెమాన్ పందెములో ఆస్టన్ మార్టిన్ కారుతో ప్రథమ విజేతలైన ఇరువురిలో నొకడు టెక్సాస్‌వాసి కారల్ షెల్బీ. హృద్రోగముచే 1960లో పందెములు మానిన ఈయన, 1961 సెప్టెంబరులో ఏ.సి.వారికి లేఖ వ్రాసెను. మీ చట్రములో అమెరికా వి–8 ఇంజను నమర్తునా యని దాని సారాంశము. షెవర్లే సంస్థ ఇంజను నిచ్చుటకు నిరాకరింపగా ఫోర్డు సంస్థ ముందుకు వచ్చెను. వారి క్రొత్త వి–8 పలుచని పోత ఇనుముతో చేసినది. బలము బ్రిస్టల్‌కు రెండింతలు, బరువు మాత్రము రెండింతలు కాదు. ఎంపికలోని రహస్యమంతయు నిదియే. 1962 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా చేరిన తొలి చట్రములో 4.2 లీటర్ల ఆ ఇంజనును కూర్చి ‘కోబ్రా’ యని పేరిడిరి.

ఐనను చట్రమునకు మరమ్మతులు తప్పలేదు. వెనుక ఇరుసులోని పళ్లచక్రముల పెట్టెను గట్టిదానిగా మార్చిరి; 1963లో స్టీరింగును మార్చిరి. 1965లో ఏడు లీటర్ల ఇంజనును తెచ్చునాటికి గొట్టములు మూడు అంగుళములనుండి నాలుగంగుళములాయెను. పట్టీ స్ప్రింగులకు మారుగా చుట్టు స్ప్రింగులు వచ్చెను. ఆ యేడు అంతర్జాతీయ జి.టి. ఛాంపియన్‌షిప్ కోబ్రాకు దక్కెను. బండికి కీర్తి కలిగినది. చట్రమును, రేకును ఇచ్చిన చిన్న గ్రామపు పేరు మాత్రము అమెరికాలో మరుగున పడినది. అచ్చటివారు దానిని షెల్బీ కోబ్రా యనియే పిలిచిరి. రెక్కలపై ఫోర్డు పేరు మెరసెను.

ముసలి ఇంజను మాత్రము మొండిది. రెండు ఇంజనులు వచ్చి పోయినను అది 1963 వరకు తయారగుచునే యుండెను. నలుబది నాలుగేండ్ల ఆయుర్దాయము. నేడు పాత ‘ఏస్’ నొకదానిని బాగుచేయదలచినవాడు కేవలము బలమును చూచి ఇంజను నెన్నుకొనిన చాలదు. వెల్లర్ ఇంజనుతో నున్నది చరిత్ర, వి–8తో నున్నది వేగము. రెండవదానికై మొదటిదానిని కోసినచో దానిని మరల అతుకుట కష్టము. బండికి తగిన ఎద్దును కట్టవలెనని మన రైతునకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఎద్దు మిక్కిలి బలిసినదైనచో, బండిని కూడ మార్చుకొనవలసి వచ్చును. పిమ్మట అది ఎవరి బండి యని జనులడిగినప్పుడు, ఎద్దు యజమాని పేరే చెప్పుదురు.