తొమ్మిది నెలలు మోసే కప్ప

1942లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త మాక్సిమ్ లమోట్ నింబా కొండలెక్కాడు. పశ్చిమ ఆఫ్రికాలో గినీ, ఐవరీ కోస్ట్, లైబీరియా సరిహద్దులు కలిసేది అక్కడే. కింద దట్టమైన అడవి, పైకి పోతే పచ్చిక. ఆ పచ్చికలో దొరికిన బుల్లి గోదురుకప్పకు మరుసటి ఏడు పారిస్ మ్యూజియంలో ఫెర్నాండ్ ఆంజెల్ శాస్త్రీయ నామం పెట్టాడు. బాగా ఎదిగిన ఆడదైనా రెండున్నర సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది.

ఆంజెల్ దాన్ని నెక్టోఫ్రినోయిడిస్ ప్రజాతిలో కలిపాడు. ఆ ప్రజాతి కప్పలుండేది ఖండానికి అవతలి కొసన, టాంజానియాలో. అవీ గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటాయి. కానీ కడుపులో జరిగేది వేరు. టాంజానియా పిల్లలు గుడ్డులోని సొనతోనే పెరుగుతాయి. నింబా కప్ప గుడ్డేమో అర మిల్లీమీటరు చిల్లర, సొన లేనట్టే. తల్లి గర్భాశయపు గోడల్లో ఊరే ద్రవాన్ని పిల్లలు నోటితో తాగి బతుకుతాయి. కప్పల జాతి మొత్తంలో కడుపులోని పిల్లల్ని ఇలా పోషించే తల్లి ఇదొక్కటే. 1980ల్లో ఆలెన్ దుబ్వా దీనికి నింబాఫ్రినోయిడిస్ అని వేరే ప్రజాతి కట్టడం సబబే.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందంటే, నన్నడిగితే కొండనే చూపిస్తాను. వానలు వెనక్కి తగ్గే వేళ జతకట్టిన ఆడకప్పలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ తగలని నేల చీలికల్లో దాక్కుంటాయి. అంతకాలం పిండాల పెరుగుదల నత్తనడకే. తొలకరికి తల్లి బయటికొచ్చి మేత పట్టాక కడుపులో పిల్లలు గబగబా ఎదుగుతాయి. జూన్‌లో కాన్పు. అదీ చిత్రమే: తల్లి ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించి, ఆ ఒత్తిడితో పిల్లల్ని బయటికి నెడుతుంది. ఒక్కోటి ఎనిమిది మిల్లీమీటర్లయినా ఉండదు, కానీ నాలుగు కాళ్లతో, తోక లేకుండా పుడుతుంది. నీటిగుంట అవసరమే లేదు.

పట్టుమని పది పిల్లలు, అదీ ఏడాదికోసారి. వేలల్లో గుడ్లు పెట్టే కప్పల్లా నష్టాన్ని పూడ్చుకోగల జాతి కాదిది. పైగా అది కాపురముండే శిఖరమే ఇనుప రాయి. లైబీరియా వైపు 1963 నుంచి ఖనిజం తవ్వి తరలించారు. గినీ వైపు కొండను 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గని ముప్పు, కాందిశీకుల తాకిడి చూసి 1992లో ‘ప్రమాదంలో ఉన్నవాటి’ జాబితాలో పెట్టింది. ఈ కప్పకు మరో కొండ లేదు కాబట్టి శిఖరం దగ్గర తవ్వకాలకు అనుమతి ఇవ్వకూడదు.