బరువైన పైలట్లకు పారాగ్లైడింగ్ పరికరాల ఎంపిక

పారాగ్లైడింగ్ అనేది గట్టి చట్రం లేని గుడ్డ రెక్క సాయంతో, ఇంజను లేకుండా గాలిలో విహరించే సాహస క్రీడ. పైలట్ రెక్కకు సన్నని తాళ్ళతో వేలాడే హార్నెస్‌లో కూర్చుని ఎగురుతాడు. రెక్క వేగం, స్థిరత్వం, అది తట్టుకోగల ఒత్తిడి దాని మీద పడే బరువుపై ఆధారపడి ఉంటాయి. అందువలన ప్రతి రెక్కకూ కనిష్ఠ, గరిష్ఠ బరువులు నిర్ణయించబడి ఉంటాయి. సగటు కంటే ఎక్కువ శరీర బరువు గలవారికి మధ్యస్థ సైజు పరికరాలు చాలాసార్లు సరిపోవు. వీరు రెక్క, హార్నెస్, రిజర్వ్ పారాచూట్ అనే మూడింటినీ లెక్క వేసి ఎంచుకోవలసి ఉంటుంది.

నేపథ్యం

గాలితో నిండి రెక్క ఆకారం పొందే పారాచూట్‌ను అమెరికాకు చెందిన డొమినా జాల్బర్ట్ 1960వ దశకంలో రూపొందించాడు. 1978లో ఫ్రాన్స్‌లోని మియుసీ గ్రామంలో కొందరు పారాచూటిస్టులు విమానం అవసరం లేకుండా కొండవాలు నుంచి పరుగెత్తి ఇటువంటి పారాచూట్లతో ఎగిరారు. పారాగ్లైడింగ్ ఒక క్రీడగా వ్యాపించడం అక్కడి నుంచే మొదలైంది. తరువాతి కాలంలో రెక్కల వైశాల్యం, తాళ్ళ బలం, పరీక్షా పద్ధతులు బాగా అభివృద్ధి చెందాయి. నేడు ఒకే నమూనా రెక్క నాలుగైదు సైజులలో లభిస్తుంది.

మొత్తం టేకాఫ్ బరువు

రెక్కపై ముద్రించిన బరువు పరిమితి సాధారణంగా పైలట్ శరీర బరువుకు సంబంధించినది కాదు. అది నేల విడిచి పైకి లేచే సమస్తం యొక్క బరువు. దీనినే మొత్తం టేకాఫ్ బరువు అంటారు. కొందరు తయారీదారులు శరీర బరువును కూడా విడిగా ఇస్తారు కనుక ఏ అంకె దేనిని సూచిస్తున్నదో చూసుకోవాలి. ఉదాహరణకు 105 కిలోల బరువున్న పైలట్ లెక్క ఈ విధంగా ఉండవచ్చు.

* శరీరం: 105 కిలోలు
* దుస్తులు, బూట్లు: 3 కిలోలు
* హార్నెస్: 5 కిలోలు
* రెక్క: 6 కిలోలు
* రిజర్వ్ పారాచూట్: 2.5 కిలోలు
* హెల్మెట్, రేడియో, పరికరాలు, నీళ్ళు: 3.5 కిలోలు
* మొత్తం: 125 కిలోలు

ఈ లెక్కను అంచనాతో వేయడం కంటే, అన్నీ ధరించి, రెక్క సంచిని వీపున తగిలించుకుని తూకపు యంత్రం మీద నిలబడడం మంచిది. మొహమాటం కొద్దీ బరువు తగ్గించి చెప్పే అలవాటు ఈ క్రీడలో ప్రమాదకరం.

రెక్కపై భారం

మొత్తం బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చేది రెక్కపై భారం. 120 కిలోల బరువును 30 చదరపు మీటర్ల రెక్క మోస్తే, ప్రతి చదరపు మీటరు పైన 4 కిలోల భారం పడుతుంది. రెక్క వేగం ఈ భారపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే బరువు 10 శాతం పెరిగితే వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. రెక్క ముందుకు సాగే దూరానికీ, దిగే ఎత్తుకూ మధ్య నిష్పత్తి దాదాపు మారదు. కానీ వేగంతో పాటు కిందికి దిగే రేటు కూడా పెరుగుతుంది.

భారం పెరిగినప్పుడు రెక్క లోపలి పీడనం పెరిగి, అది తేలికగా ముడుచుకోదు. అందుచేత కొందరు కావాలనే చిన్న రెక్కను ఎంచుకుంటారు. అయితే అలాంటి రెక్క ఒకవేళ ముడుచుకుంటే దాని ప్రతిచర్య చాలా తీవ్రంగా ఉంటుంది. మలుపు వేగంగా తిరుగుతుంది, ఎత్తు త్వరగా కోల్పోతుంది, నేలపై దిగే వేగం కూడా ఎక్కువవుతుంది. దీనికి విరుద్ధంగా మరీ పెద్ద రెక్క తీసుకుంటే అది నెమ్మదిగా స్పందిస్తుంది, అల్లకల్లోలపు గాలిలో సులభంగా ముడుచుకుంటుంది, బలమైన ఎదురుగాలిలో ముందుకు సాగలేదు. కొత్తగా నేర్చుకునేవారు తమ బరువు రెక్క పరిమితుల మధ్య భాగంలో గానీ, దానికి కొంచెం పైన గానీ ఉండేలా చూసుకోవడం మేలు. పై ఉదాహరణలోని పైలట్‌కు 110 నుంచి 135 కిలోల పరిమితి గల రెక్క చక్కగా సరిపోతుంది.

ధృవీకరణ

ఐరోపా ప్రమాణాలను అనుసరించి రెక్కలకు రెండు రకాల పరీక్షలు చేస్తారు. ఈఎన్ 926-1 రెక్క దృఢత్వాన్ని పరీక్షిస్తుంది. ఈఎన్ 926-2 ఎగిరేటప్పటి ప్రవర్తనను పరీక్షించి ఎ, బి, సి, డి తరగతులుగా విభజిస్తుంది. ఎ తరగతి అత్యంత సౌమ్యమైనది, డి తరగతి అనుభవజ్ఞులకు మాత్రమే తగినది. ఈ పరీక్షలను కనిష్ఠ, గరిష్ఠ బరువుల వద్ద జరుపుతారు. ప్రతి సైజునూ విడివిడిగా పరీక్షిస్తారు కనుక ఒకే నమూనాలో మధ్యస్థ సైజుకు ఒక తరగతి, అతిపెద్ద సైజుకు మరొక తరగతి లభించవచ్చు. కాబట్టి కొనేవారు తమ సైజు ధృవపత్రాన్నే చూడాలి.

గరిష్ఠ పరిమితి దాటితే ధృవీకరణ వర్తించదు. దృఢత్వ పరీక్షలో రెక్క గరిష్ఠ బరువుకు 8 రెట్ల భారాన్ని తట్టుకోవాలి. 115 కిలోల పరిమితి గల రెక్కకు ఇది 920 కిలోలు. అదే రెక్కతో 125 కిలోల పైలట్ ఎగిరితే ఆ 920 కిలోలు అతని బరువుకు 7.4 రెట్లు మాత్రమే అవుతాయి. తాళ్ళు, గుడ్డ పాతబడిన కొద్దీ ఈ మిగులు ఇంకా తగ్గుతుంది.

హార్నెస్

హార్నెస్‌లకు ఈఎన్ 1651 ప్రమాణం ఉంది. వీటిపై కూడా గరిష్ఠ బరువు ముద్రించి ఉంటుంది. అనేక హార్నెస్‌లలో ఇది 120 కిలోలు. బరువుతో పాటు శరీర కొలతలు కూడా ముఖ్యమే. తొడ పట్టీలు, ఛాతీ పట్టీ పూర్తిగా బిగించినప్పుడు రక్తప్రసరణకు అడ్డు కాకూడదు. పరుగెత్తేటప్పుడు సీటు కాళ్ళకు అడ్డు తగలకూడదు. నేల విడిచిన తరువాత చేతులతో సర్దుకోకుండానే సీటులోకి జారగలగాలి. వీటిని తెలుసుకోవడానికి కొనుగోలుకు ముందు హార్నెస్‌ను దూలానికి వేలాడదీసి అందులో కూర్చుని చూడడం ఉత్తమం.

వెన్నెముక కింద ఉండే నురుగు లేదా గాలి సంచి రక్షణ పొర పైలట్ బరువు ఎక్కువైన కొద్దీ త్వరగా అణగిపోతుంది. కాబట్టి బరువైనవారు మందమైన రక్షణ గల హార్నెస్‌ను ఎంచుకోవడం మంచిది.

రిజర్వ్ పారాచూట్

చాలామంది పెద్ద రెక్కను కొని, రిజర్వ్ విషయంలో అశ్రద్ధ చేస్తారు. ఈఎన్ 12491 ప్రమాణం ప్రకారం గరిష్ఠ బరువుతో రిజర్వ్ దిగే వేగం సెకనుకు 5.5 మీటర్లు మించరాదు. ఇది సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి దూకడంతో సమానం. 100 కిలోలకు ధృవీకరించబడి, సరిగ్గా ఆ హద్దు వేగంతో దిగే రిజర్వ్‌ను 125 కిలోల పైలట్ వాడితే వేగం సెకనుకు 6.15 మీటర్లు అవుతుంది. ఇది 1.9 మీటర్ల ఎత్తు నుంచి దూకడంతో సమానం. బరువు, వేగం రెండూ పెరగడం వలన నేలను తాకే శక్తి దాదాపు 56 శాతం ఎక్కువవుతుంది. కాళ్ళు, నడుము విరగడానికి ఈ తేడా చాలు. కాబట్టి తన మొత్తం బరువు కంటే గరిష్ఠ పరిమితి కొంత ఎక్కువగా ఉన్న రిజర్వ్‌ను ఎంచుకోవాలి.

పెద్ద రిజర్వ్ ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది హార్నెస్ అరలో ఇరుక్కోకుండా ఒక్క లాగుడుతో బయటకు వస్తున్నదా అని నిపుణుని సమక్షంలో పరీక్షించుకోవాలి.

ఎత్తైన ప్రదేశాలు

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో ఉన్న బీర్ బిల్లింగ్ భారతదేశంలో ప్రసిద్ధి చెందిన పారాగ్లైడింగ్ కేంద్రం. ఇక్కడ 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. బిల్లింగ్ టేకాఫ్ స్థలం సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో 80 శాతం మాత్రమే. అందువలన అదే రెక్క, అదే బరువుతో కూడా సుమారు 12 శాతం ఎక్కువ వేగం అందుకుంటే తప్ప నేల విడవదు. గాలి వీయని సమయంలో బరువైన పైలట్ మరింత వేగంగా, మరింత దూరం పరుగెత్తాలి. రిజర్వ్ దిగే వేగం కూడా ఇదే నిష్పత్తిలో పెరుగుతుంది.

జంట రెక్కలు

పైలట్, ప్రయాణికుడు కలిసి ఎగిరే రెక్కలను టాండెమ్ రెక్కలు అంటారు. వీటి వైశాల్యం సుమారు 40 చదరపు మీటర్లు, గరిష్ఠ బరువు అనేక నమూనాలలో 220 కిలోల ప్రాంతంలో ఉంటుంది. 75 కిలోల పైలట్, 110 కిలోల ప్రయాణికుడు, 25 కిలోల పరికరాలు కలిస్తే 210 కిలోలు అవుతాయి. పైలట్ బరువు 90 కిలోలైతే పరిమితి దాటుతుంది. కాబట్టి పర్యాటకులు తమ సరైన బరువును ముందుగా చెప్పి, తగిన పైలట్‌ను కోరడం ఇద్దరి ప్రాణాలకూ క్షేమం.

అతిపెద్ద సైజు రెక్కలు కూడా సరిపోని పైలట్లలో కొందరు చిన్న టాండెమ్ రెక్కతో ఒంటరిగా ఎగురుతారు. దీనికి ఆ రెక్క కనిష్ఠ బరువు పైలట్ మొత్తం బరువు కంటే తక్కువగా ఉండాలి. బ్రేకులు బరువుగా ఉండడం, నేలపై గాలికి రెక్క బలంగా లాగడం వంటి ఇబ్బందులు ఉన్నందున దీనికి ప్రత్యేక శిక్షణ అవసరం.

పాత పరికరాల కొనుగోలు

పాత రెక్క కొనేటప్పుడు గుడ్డలోంచి గాలి చొరబాటు, తాళ్ళ పొడవు, తాళ్ళ బలం అనే మూడు పరీక్షలు చేయించాలి. పరిమితికి మించిన బరువుతో వాడిన రెక్కలో మధ్య తాళ్ళు సాగి ఉండవచ్చు. ఐరోపా ప్రమాణాలు రాకముందు తయారైన కొన్ని రెక్కలపై జర్మనీ సంస్థ డిహెచ్‌వి ఇచ్చిన 1, 1-2, 2, 2-3, 3 అనే తరగతులు కనిపిస్తాయి. అంత పాత రెక్కలను బరువైన పైలట్లు కొనకపోవడమే మంచిది.

ఇవి కూడా చూడండి

* పారాచూట్
* హాంగ్ గ్లైడింగ్
* కాంగ్రా జిల్లా