హిందూపురం పట్టుపురుగు – జన్యువైవిధ్యం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు పట్టు చరిత్ర సాధారణంగా చీర దగ్గర మొదలై ధర దగ్గర ముగుస్తుంది. ఆ నూలునిచ్చే పురుగు ఎక్కడిది, ఏ వంశాల కలయికతో పుట్టింది, ఆ వంశాలను ఎవరు నిలుపుతున్నారు అన్న ప్రశ్నలు చరిత్రరచనలో వెనుకబడ్డాయి. ఉష్ణమండలపు మల్టీవోల్టిన్ వంశానికీ, చలిదేశాల బైవోల్టిన్ వంశాలకూ మధ్య ఈ నేలపై సాగిన సంబంధాన్ని పరిశీలించి, రైతు ఇంటిలోని సంకర పంట వైవిధ్యాన్ని వినియోగిస్తుందే తప్ప భద్రపరచదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పట్టుపురుగు, జన్యువైవిధ్యం, ప్యూర్ మైసూర్, బైవోల్టిన్, హిందూపురం, కిరికెర, ధర్మవరం.

1. ఉపోద్ఘాతం

వెన్నెముక లేని జీవుల జన్యువైవిధ్యం అనగానే శాస్త్రసాహిత్యంలో ముందుగా గుర్తుకు వచ్చే క్షేత్రాలలో అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు అడుగుభాగం ఒకటి. ప్రోమకోక్రైనస్ కెర్గ్యులెన్సిస్ అనే సముద్రజీవిని ధ్రువఖండం చుట్టూ వ్యాపించిన ఒకే జాతిగా చాలాకాలం లెక్కించారు. 2007లో ప్రచురితమైన డీఎన్ఏ పరిశీలన అందులో అనేక వేర్వేరు వంశాలు ఉన్నాయని చూపింది. పైకి ఒకే రూపం, లోపల పలు వంశాలు. మంచుయుగాలలో మంచు జీవసమూహాలను విడదీయడం అక్కడి వైవిధ్యానికి ఒక కారణమని శాస్త్రజ్ఞుల వివరణ.

హిందూపురం మల్బరీ తోటల నడుమ పెరిగే బాంబిక్స్ మోరీ విషయంలో ఆ విడదీసే పని మనిషి చేశాడు. పట్టుపురుగు సుమారు ఐదువేల ఏళ్లుగా మనిషి పెంపకంలో ఉంది. రెక్కలున్నా ఎగరలేదు, ఆకు వేస్తే తప్ప తినలేదు. దాని వంశాలు కలవడమూ విడిపోవడమూ పూర్తిగా పెంపకందారు చేతిలో ఉన్నాయి. కనుక దాని జన్యుచరిత్ర ఒక పాలనాచరిత్ర, మార్కెట్ చరిత్ర కూడా.

2. వస్త్రచరిత్ర వేరు, పురుగు చరిత్ర వేరు

1565 నాటి యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర పాలకులకు రాజధాని అయింది. దానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయపు పదహారవ శతాబ్దపు కుడ్యచిత్రాలలో కనిపించే వస్త్రాల అంచులు, రూపకల్పనలు ధర్మవరం నేతకు నేటికీ ప్రేరణగా ఉన్నాయి. అయితే ఈ చిత్రాలు వస్త్రం వాడకానికి సాక్ష్యాలే గాని పట్టుపురుగు పెంపకానికి సాక్ష్యాలు కావు. పట్టు కట్టడానికీ పట్టు పండించడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని గుర్తించకపోతే ప్రాంతీయ చరిత్ర దారి తప్పుతుంది.

ఈ భూభాగానికి సమీపంలో పురుగు పెంపకం వేళ్లూనింది మైసూరు రాజ్యంలో. పద్దెనిమిదవ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ బెంగాల్ నుంచి పట్టుపురుగులను తెప్పించడానికి చేసిన ప్రయత్నం అతని ఉత్తరాల ద్వారా తెలుస్తుంది. అప్పటికి పెనుకొండ ప్రాంతం మైసూరు ఏలుబడిలో ఉండేది. టిప్పు మరణానంతరం అది నిజాము వాటాకు వచ్చి, 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీకి చేరింది. 1882లో బళ్లారి నుంచి విడివడిన అనంతపురం జిల్లాలోనూ, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనూ భాగమైంది. పాలనాసరిహద్దులు మారినా హిందూపురం మైసూరు పట్టుప్రాంతానికి భౌగోళికమైన కొనసాగింపుగానే నిలిచింది.

3. తల్లి వంశం: ప్యూర్ మైసూర్

దక్షిణాదిన స్థిరపడిన మల్టీవోల్టిన్ వంశానికి ప్యూర్ మైసూర్ అని పేరు. ఇది ఏడాది పొడవునా తరం వెంట తరంగా పొదుగుతుంది. గూడు చిన్నది, లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుది. ఒక గూటి నుంచి వచ్చే దారం సాధారణంగా నాలుగు వందల మీటర్లకు మించదు. కానీ వేడినీ, రోగాలనూ, నాసిరకం ఆకునూ ఓర్చుకోవడంలో దీనికి సాటి వచ్చే వంశాలు అరుదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో ఈ ఓర్పు చిన్న విషయం కాదు.

బైవోల్టిన్ వంశాలు చైనా, జపాన్ వంటి చలిదేశాలవి. ఏడాదికి రెండు తరాలే సహజం. వాటి గుడ్లు చలికాలాన్ని దాటడానికి నిద్రావస్థలోకి వెళతాయి. ఉష్ణదేశంలో ఆ చలిని శీతలగిడ్డంగి కల్పించాలి, లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గుడ్లను శుద్ధి చేసి నిద్రను తప్పించాలి. తెల్లని గూటి నుంచి వెయ్యి మీటర్లకు పైబడిన దారం వస్తుంది. అయితే పెద్దదశ పురుగుకు 24–25 డిగ్రీల చల్లదనం కావాలి. రాయలసీమ వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది.

4. సంకరం: కలిపిన వంశాలు, కలవకూడని వంశాలు

పట్టుపురుగులో మెండెల్ సూత్రాలు వర్తిస్తాయని 1906లో జపాన్ శాస్త్రజ్ఞుడు తొయామా కామెతారో నిరూపించాడు. మొదటితరం సంకరాలను రైతులకు అందించాలన్న ఆలోచన అక్కడినుంచే బలపడింది. మైసూరులో 1920ల నాటికి స్థానిక వంశాన్ని విదేశీ వంశాలతో కలపడం మొదలైంది. 1949లో కేంద్ర పట్టుబోర్డు, 1961లో మైసూరు కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడ్డాక ఈ కృషి క్రమబద్ధమైంది. జపాన్ సంకరాల నుంచి ఎంపిక చేసిన ఎన్.బి.4డి2 వంటి బైవోల్టిన్ వంశాలు వచ్చాయి. ప్యూర్ మైసూర్ తల్లికి ఎన్.బి.4డి2 తండ్రిని జతచేసిన సంకరం హిందూపురం సహా దక్షిణాది పట్టుసీమలో విస్తరించింది.

తల్లిగా ప్యూర్ మైసూర్‌నే ఎంచుకోవడం వెనుక జీవశాస్త్ర కారణం ఉంది. గుడ్డు నిద్రపోవాలా, పొదగాలా అన్నది తల్లి స్వభావాన్ని అనుసరిస్తుంది. ప్యూర్ మైసూర్ తల్లి పెట్టిన సంకర గుడ్లు శీతలగిడ్డంగి అవసరం లేకుండానే సుమారు పది రోజులలో పొదుగుతాయి. విద్యుత్తు, శీతలీకరణ అరుదుగా ఉన్న గ్రామసీమకు సంకరజాతి చేరడానికి ఈ ఒక్క లక్షణమే దారి వేసింది.

సంకరపు బలం మొదటి తరానికే పరిమితం. రెండవ తరంలో లక్షణాలు చెదిరిపోతాయి. అందుచేత రైతు తన గూళ్ల నుంచే విత్తనం కట్టుకోలేడు. ప్రతి పంటకూ గ్రెయినేజ్ నుంచి రోగరహిత గుడ్లు తెచ్చుకోవాలి. పెబ్రిన్ రోగాన్ని అరికట్టడానికి 1860లలో పాశ్చర్ ప్రవేశపెట్టిన తల్లిచిలుక సూక్ష్మదర్శిని పరీక్ష నేటికీ ఆ గ్రెయినేజ్‌లకు ఆధారం. ఈ ఏర్పాటు వెనుక ఎవరో ఒకరు రెండు శుద్ధవంశాలను తరతరాలుగా కలవకుండా కాపాడాలి. ప్యూర్ మైసూర్ విత్తన గూళ్లకు సంప్రదాయక్షేత్రం కర్ణాటకలోని కుణిగల్, మాగడి ప్రాంతం. మొత్తం పట్టుసీమ ఓర్పు అటువంటి కొద్దిపాటి విత్తనగ్రామాల శ్రమపై ఆధారపడి ఉంది.

5. మగ్గం కోరినది, ఎండ ఒప్పుకున్నది

ధర్మవరం మగ్గానికి పడుగులో తెగని, ఎగుడుదిగుడు లేని దారం కావాలి. సంకర గూళ్ల పట్టు పేకకు సరిపోయినా పడుగు విషయంలో బైవోల్టిన్ పట్టుతో పోటీపడలేదు. ఈ లోటును దేశవ్యాప్తంగా చైనా పట్టు పూరించింది. 2003లో భారతదేశం చైనా ముడిపట్టుపై యాంటీ డంపింగ్ సుంకం విధించేంతగా ఆ దిగుమతి పెరిగింది. ధర్మవరం మగ్గానికీ హిందూపురం గూళ్ల మార్కెట్‌కూ మధ్య ఉన్న ఎడం నిజానికి రెండు జన్యువంశాల మధ్య ఎడమే.

దీన్ని తగ్గించడానికి రెండు మార్గాలు సాగాయి. మొదటిది జపాన్ సహకారంతో 1991 నుంచి 2007 వరకు మూడు దశలలో నడిచిన బైవోల్టిన్ పథకం. సి.ఎస్.ఆర్.2, సి.ఎస్.ఆర్.4 వంటి వంశాలు ఈ కాలపు ఫలాలు. రెండవది స్థానికమైనది. హిందూపురం సమీపాన కిరికెరలోని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ ఏ.పి.ఎం.1, ఏ.పి.ఎస్.8 వంశాలను కలిపి ‘స్వర్ణాంధ్ర’ అనే సంకరాన్ని రూపొందించింది. బయటి నుంచి వచ్చిన వంశానికి అనుగుణంగా వాతావరణాన్ని మార్చడం మొదటి మార్గపు భారమైతే, వాతావరణానికి తగిన వంశాన్ని ఎంచుకోవడం రెండవదాని ఆశయం.

6. డీఎన్ఏ సాక్ష్యం

ఈ రెండు వంశవర్గాల మధ్య భేదం గూటి రంగుకూ దారం పొడవుకూ పరిమితం కాదు. 1990లలో జె. నాగరాజు, ఆయన సహపరిశోధకులు పదమూడు పట్టుపురుగు వంశాల డీఎన్ఏను పోల్చినప్పుడు, నిద్రావస్థ గలవీ లేనివీ వేర్వేరు సమూహాలుగా తేలాయి. నాగరాజు తరువాత హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో ఈ రంగపు పరిశోధనకు నాయకత్వం వహించారు. 2009లో నలభై పట్టుపురుగు జీనోములను పరిశీలించిన చైనా బృందం, అడవి పురుగులలోని వైవిధ్యంలో దాదాపు 83 శాతం పెంపుడు వంశాలలోనూ నిలిచి ఉందని లెక్కగట్టింది.

ఆ రెండవ ఫలితం ఊరటనిచ్చేదిగా కనిపించినా దాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ వైవిధ్యం అన్ని వంశాలనూ కలిపి లెక్కించినది. ఏ ఒక్క గ్రామంలోనో ఏ ఒక్క సంకరంలోనో ఉన్నది కాదు. ఒక్కొక్క వంశం కనుమరుగైనప్పుడల్లా ఆ మొత్తంలో కొంత తరుగుతుంది. భారతీయ బైవోల్టిన్ వంశాలలో ప్రధానమైనవి కొద్దిపాటి జపాన్ సంకరాల నుంచి దిగివచ్చినవే. కనుక తెల్లగూళ్ల విస్తీర్ణం పెరగడం వైవిధ్యం పెరగడంతో సమానం కాదు.

7. ముగింపు

తెల్లగూటికి మంచి ధర పలికితే రైతు దానివైపు మొగ్గడం న్యాయమే. వైవిధ్యాన్ని కాపాడే భారం నష్టాన్ని భరించలేని రైతుపై మోపడం అన్యాయం. హోసూరులోని కేంద్ర జన్యువనరుల కేంద్రం నాలుగు వందలకు పైగా పట్టుపురుగు వంశాలను నిలుపుతోంది. అయితే పట్టుపురుగు వంశాన్ని విత్తనగింజల వలె డబ్బాలో దాచలేరు. దాన్ని తరం తరం ఆకు పెట్టి పెంచి, గుడ్లు పెట్టించి, పరీక్షించి కొనసాగించాలి. ఒక్క తరం తప్పినా ఆ వంశం తెగిపోతుంది.

ధ్రువసముద్రపు అడుగున మనిషి పూనిక లేకుండానే వంశాలు వేరుపడి నిలిచాయి. హిందూపురం పురుగుకు ఆ అవకాశం లేదు. దాని వైవిధ్యం నిలవాలంటే కిరికెర, హోసూరు వంటి సంస్థలూ, విత్తనగ్రామాల పెంపకందారులూ నిలవాలి. ఎండలు ముదిరిన నాడు తిరిగి అవసరమయ్యేది ప్యూర్ మైసూర్ ఓర్పే. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం పట్టుచరిత్రను రాసేవారు చీర అంచుతోపాటు గ్రెయినేజ్ దస్తావేజులనూ, వంశాల వరుసనూ చారిత్రక ఆధారాలుగా స్వీకరించవలసిన అవసరం ఇక్కడే ఉంది.